బిడ్డను పట్టుకున్న చేతులు

పోయిన వారం మనం ఆగేసరికి కృప చెయ్యి మౌసు మీద ఉంది. ఆగక ఏం చేస్తాం, పేజీ అయిపోయింది! అలాగని ఆ పిల్ల వారం రోజులుగా మౌసు పట్టుకునే కూర్చుందని జాలిపడకండి. ఆమెకు గడిచింది అర నిమిషమే. కాకపోతే ఆ అర నిమిషంలో మూడుసార్లు చెయ్యి వెనక్కి తీసుకుంది, నాలుగోసారి మళ్లీ పెట్టింది.

ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్లకు కథ చెప్పకపోతే బాగుండదు. కదిరి బస్టాండు వెనక సందులో, మేడ మీద, పాపన్న ఫోటో స్టూడియో ఉంది. ఫోటోలు తీసేది పాపన్న. వాటిని కంప్యూటర్లో కోసి, అతికించి, రంగులద్ది మనుషుల్లో పెట్టేది కృపాకుమారి. తుమ్మలకుంటపల్లి ఎస్సీ కాలనీలో కూలిపని చేసుకునే చిన్నక్క కూతురు. ఇరవై అయిదేళ్లది. అదే ఊళ్లో పెద్దింటి పిల్ల పద్మప్రియ, రెండుసార్లు సర్పంచిగా చేసిన విష్ణువర్ధన్ కూతురు. ఈమెకూ ఇరవై అయిదే. అయినా కృప ఆమెను 'పద్మక్కా' అంటుంది, ఆమె కృపను 'కృపా' అంటుంది. ఊళ్లో వయసు లెక్క అలా ఉంటుంది మరి.

పద్మప్రియకు మూడు నెలల కూతురు. ఎల్లుండి ఆ బిడ్డకు తొట్టిలి, అంటే తొట్లో వేసే వేడుక. తొట్లో వేసే ముందు బిడ్డను అమ్మమ్మ ఒడిలో పెట్టాలని వాళ్ల ఇంటి ఆనవాయితీ. అమ్మమ్మ లేదు. పద్మప్రియకు ఏడాది నిండకముందే నరసమ్మ జబ్బుచేసి పోయింది. మిగిలింది ఒక్క ఫోటో. గులాబీ తోటలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న నరసమ్మ, ఒడిలో పసిబిడ్డ పద్మప్రియ. ఇరవై ఏళ్లుగా ఆ ఫోటోకు దండ వేసి మొక్కుతోంది ఆ పిల్ల. "నన్ను తీసేసి మా అమ్మ ఒళ్లో నా బిడ్డను పెట్టియ్యి కృపా. ఫోటో ముందరే బిడ్డను తొట్లో ఏస్తాం" అని అడిగింది. నాలుగింటికి వస్తానని చెప్పి తొట్టిలి సామాన్లకు బజారుకు పోయింది.

పాత ప్రింటు వెలిసిపోయి ఉంది, దాన్ని పెద్దది చేస్తే మసకే. అసలు ఫైలు కావాలి. "యాడుంటాదిలే, ఎప్పుడో పోయింది" అన్నాడు పాపన్న. కృప వెతికింది. పాత బిస్కెట్ డబ్బాలో సీడీ దొరికింది. దాన్ని చూడగానే పాపన్న మొహం మాడింది. "దాన్ని తెరవొద్దు పాపా" అన్నాడు. ఎందుకని అడిగేలోపే తేలు కుట్టిన దొంగలా టీ తాగడానికి మెట్లు దిగిపోయాడు. మూలన పడున్న పాత కంప్యూటర్లో కృప సీడీ వేసింది. అక్కడిదాకా మీకు తెలుసు.

నాలుగోసారి నొక్కింది. ఫైలు తెరుచుకుంది.

గులాబీ తోట, పట్టుచీర, నరసమ్మ నవ్వు. ప్రింటులో ఉన్నదే, రంగులు మాత్రం నిన్న అద్దినట్టు ఉన్నాయి. పక్కన లేయర్ల వరస. లేయర్లంటే మరేం లేదు, గాజు పలకలనుకోండి. ఒక పలక మీద ముఖం, ఇంకోదాని మీద తోట, మరోదాని మీద గాజులు. అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి పైనుంచి చూస్తే అంతా ఒకటే ఫోటో. ఒక్కో పలక పక్కన ఒక చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ పలక మాయమవుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. ఈ పని కృప రోజుకు వందసార్లు చేస్తుంది. పెళ్లికి రాని మేనమామను పెళ్లి ఫోటోలో నిలబెట్టింది, విడిపోయిన అన్నదమ్ములను ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది. అందుకని లేయర్లు చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. పాపన్న వాటికి పెట్టిన పేర్లు చదువుకుని నవ్వుకుంది కూడా. గులాబీలు, ముఖం, గాజులు, వేలు, కొంగు.

'వేలు' ఏంది? వేలికి ఒక లేయరా?

ముందు గులాబీల కన్ను నొక్కింది. తోట మాయమైంది. వెనక తుమ్మచెట్టు కనిపించింది, చెట్టు వెనక ఎండి చాపలా నేలకు అంటుకుపోయిన శెనక్కాయ చేను. పెద్దింటి కోడలు పట్టుచీర కట్టుకుని ఎండిన చేలో కూర్చుందా? కృపకు ఏదో తేడా కొట్టింది. ముఖం కన్ను నొక్కింది. నరసమ్మ నవ్వు మాయమై, మెడ మీద తెల్లగా గుండ్రంగా ఒక ఖాళీ మిగిలింది. కింద ఉన్న మనిషి తలను పాపన్న కోసి పారేశాడు. గాజులు తీసింది. బంగారం పోయి ఎండకు నల్లబడిన ఉత్త మణికట్టు మిగిలింది.

ఇక వేలు. నొక్కింది.

బిడ్డ పొట్ట మీద పడిన కుడిచేతికి ఉంగరం వేలు సగమే ఉంది. రెండో కణుపు దగ్గర మొండిగా, చివర కాస్త ముడుచుకుని ఉంది.

కృప కుర్చీలో వెనక్కి వాలింది. ఆ మొండివేలు ఆమెకు తెలుసు. అన్నం ముద్ద పెట్టేటప్పుడు పెదవికి గరుకుగా తగిలేది. జ్వరం వస్తే నుదుటి మీద ఉండేది. కృప పుట్టకముందు శెనక్కాయల మిషన్లో తెగిందని వాళ్లమ్మ వందసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ "వేలే కదా, చెయ్యి పోలేదు" అని నవ్వేది.

ఇరవై ఏళ్లుగా విష్ణువర్ధన్ ఇంటి నడిమింట్లో దండ వేయించుకుంటున్నది చిన్నక్క ఒడి. అదే ఇంటి పెరట్లో చిన్నక్క ఇప్పటికీ గిన్నెలు తోముతుంది. ఎల్లుండి తొట్టిలికి కూడా గిన్నెలు తోమడానికే రమ్మన్నారు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పాపన్న తలుపు దగ్గరే ఆగి, కంప్యూటర్ వైపు చూడకుండా గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు.

"మామా, ఈ చెయ్యి ఎవురిది?"

"ఏ చెయ్యి? నాకు కంటికి పొర కమ్మింది పాపా, సరిగా అగుపడదు."

"టీ అంగడి దాకా పోయి రావడానికి అగుపడతాది. ఈడ మా యమ్మ చెయ్యి మాత్రం అగుపడదా?"

పాపన్న ఇంకేం తప్పించుకుంటాడు! స్టూలు లాక్కుని కూలబడ్డాడు. అరవై దాటిన మనిషి, నోట్లో నువ్వుగింజ నానదని బజారంతా పేరు. అటువంటివాడు ఇరవై ఏళ్లు ఒక్క మాట దాచాడంటే ఎంత కష్టపడ్డాడో మీరే ఊహించండి.

"మీరిద్దురూ పుట్టిన ఏడు. వాన చుక్క లేదు. శెనక్కాయ పెరికేదానికి కూడా లేకుండా ఎండింది. పంట పోయిందని ఆఫీసులో చూపియ్యాలంటే ఫోటోలు కావాల. విష్ణువర్ధన్ నన్ను బండి మీద తోటకాడికి పిల్చుకోని పోయినాడు. రీలంతా ఎండిన చెట్లే తీసినా. ఆఖరున ఒకటి మిగిలింది. చూస్తే మీయమ్మ తుమ్మచెట్టు నీడన కూచ్చోనుండాది. మిగిలింది కదా, ఊరికే పోతాదని నొక్కినా. అంతే పాపా, ఇంగేం లేదు."

"పద్మక్క మా యమ్మ ఒళ్లో ఎందుకుండాది?"

"నరసమ్మను బెంగుళూరు ఆస్పత్రిలో ఏసినారు కదా. కన్న మూడోవారమే ఏసినారు. బిడ్డకేమో డబ్బాపాలు పడ్లే. తాగింది తాగినట్ల కక్కుతాండె. పుల్లలాగా అయిపోయింది. ఆ ముసలామె, పద్మమ్మ వాళ్లవ్వ, బిడ్డను ఎత్తుకోని తోటకాడి కొట్టంలో కూచ్చోని ఏడుస్తాండె. మీయమ్మ ఆడ కలుపు తీసేదానికి పోతాండె. పచ్చిబాలింత. ఏడుపు ఇన్లేక పోయి, ఈయ్ అవ్వా అని తీసుకోనిందంట."

"పాలిచ్చిందా?"

"పాలు లేకుంటే బతికేదా అది? తొమ్మిది నెలలు ఇచ్చింది. ఊళ్లో ఒక్కరికి తెలీకుండా, తోటకాడే." పాపన్న గొంతు తగ్గించాడు, స్టూడియోలో ఎవరూ లేకపోయినా. "కాలనీ ఆమె పాలు తాగిందని తెలిస్తే ఆ కాలంలో ఊరుకుంటారా పాపా? రేపు ఆ బిడ్డకు సంబంధం యాడ కుదురుతాది అని ముసలామె బయం. మీయమ్మతో ప్రమాణం చేయించుకోనింది."

కృపకు ఎక్కడో మండింది. పాలు పనికొచ్చాయి, పేరు పనికిరాలేదా? ఆ మాట పైకి అనలేదు, పాపన్న మీద అరిచి ఏం లాభం! కానీ తల కోసింది మాత్రం ఈయనే కదా. అది అడిగింది.

"తప్పే" అన్నాడు పాపన్న. "కోసింది నేనే. పద్మమ్మను ఇస్కూలుకు ఏసిన ఏడు, మా యమ్మ యాడ, మా యమ్మ ఎట్లుండె అని ఇంటికొచ్చి ఒకటే ఏడుపంట. నరసమ్మ ఫోటో అంటే రేషన్ కార్డు మీద ఉండేదే, గోరంత. విష్ణువర్ధన్ వచ్చి ఈడ, నువ్వు కూచ్చున్న కాడ కూచ్చోని ఏడ్చినాడు. మగోడు ఏడిస్తే నేనేం చేసేది? నాకేమో కంప్యూటర్ వచ్చిన కొత్త. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్ల, ఏదంటే అది అతికేస్తాండా. ఈ తల తీసి ఆ తల పెడతా అనేసినా. అది పాపమని నాకు అప్పుడు తోచలే. నిజంగా తోచలే పాపా, నాకెంత బాగా కుదిరిందో అని మురిసిపోతాండా."

"మా యమ్మకు తెలుసా?"

పాపన్న టీ గ్లాసు చేతిలో ఉన్నట్టు వేళ్లు తిప్పుకున్నాడు.

"ఆ యమ్మే వచ్చింది ఈడికి. ఎట్ల తెలిసిందో ఏమో. ఫోటో చూసింది. ముఖం బాగుందన్నా, నరసమ్మక్క అచ్చం ఇట్లే ఉండె అనింది. ఇంగ వేలు చూపిచ్చి, దీన్ని అతికియ్యి, ఈ మొండివేలు ఉంటే బిడ్డ పెద్దయినాక గుర్తుపడతాది, అమ్మ ఎత్తుకోనిందనే అనుకోనీ పాపం అనింది. నాకు వేలు యాడ దొరుకుతాదమ్మా అంటే, ఎవురిదో ఒకరిది పెట్టన్నా, వేలుకు పేరుంటాదా అనింది."

"ఎవురిది పెట్టినావు?"

పాపన్న తన కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. గోరు చుట్టూ ఫోటోలు కడిగే మందు మరక ఇప్పటికీ పోని లావుపాటి ఉంగరం వేలు.

"స్కానర్ మీద చెయ్యి పెట్టి తీసినా. ఇరవై ఏండ్లుగా విష్ణువర్ధన్ ఇంట్లో నా వేలుకి దండేసి మొక్కుతాండారు."

కృపకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది. రెండూ కలిసి వచ్చేసరికి ముక్కు తుడుచుకోవడానికి చున్నీ వెతుక్కుంది. తనను తాను చెరిపేయమని ఫోటో స్టూడియోకు నడిచి వచ్చిన మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు. అందరూ వచ్చేది మమ్మల్ని పెట్టు, మమ్మల్ని తెల్లగా చెయ్యి అనే. వాళ్లమ్మ ఒక్కటే వచ్చి నన్ను తీసెయ్యి అంది. బస్సు ఛార్జీ పెట్టుకుని మరీ వచ్చింది.

ఇప్పుడేం చెయ్యాలి? గోడ గడియారంలో మూడూ పది. నాలుగింటికి పద్మక్క వస్తుంది. చెబితే ఆ పిల్లకు అమ్మ ఒడి అంటూ మిగిలింది పోతుంది. ఇరవై ఏళ్లు దండ వేసిన చేతులతో ఏం చేసుకోవాలి ఆమె? చెప్పకపోతే తనే, కన్నకూతురే, ఈ చేతులతో వాళ్లమ్మను రెండోసారి చెరపాలి. ఆ ఒడిలో ఇంకో బిడ్డను పెట్టి, ఆ వేలు మీద పాపన్న వేలు అతికించి, గాజులు తొడిగి ఇవ్వాలి. ఆ ఫోటో ముందు ఎల్లుండి తొట్టిలి జరుగుతుంటే వాళ్లమ్మ పెరట్లో గిన్నెలు తోముతుంటుంది. 'అమ్మకు మాటిచ్చింది కదా, ఆమె మాట నేనెట్ల తప్పేది' అని ఒక మనసు. 'మాటిచ్చింది ఆమె, నేను కాదు' అని ఇంకో మనసు.

"మామా, ఒకటడుగుతా" అంది కళ్లు తుడుచుకుని. "మా యమ్మ పాలు పద్మక్కకు పోతే, నాకేం పోసినారు? నేనూ అప్పటిదాన్నే కదా. నేను యాడుండా?"

ఆమె ఈ మాట ఎందుకడిగిందో మీకు చెప్పాలి. కృపకు చిన్నప్పటి ఫోటో లేదు. ఊరందరికీ ఫోటోలు చేసిచ్చే పిల్లకు తనది ఎనిమిదేళ్లప్పుడు హాస్టల్లో చేర్చేటప్పుడు తీసిన పాస్‌పోర్ట్ సైజుదే మొదటిది. ఎవరైనా అడిగితే "నేను ఎనిమిదేండ్లకే పుట్టినాలే" అని నవ్వేసేది. నవ్వేది గానీ, పసిపిల్లల ఫోటోలు చేసేటప్పుడు మాత్రం చేతిలో పని ఆపి కాసేపు చూసేది. పాపన్న అది గమనించకపోలేదు.

పాపన్న నోరు తెరిచాడు. అప్పుడే తలుపు తెరుచుకుంది.

"కృపా, అయిందా? ఎండకు పాప ఏడుస్తాండాది, అందుకే జల్దీ వచ్చేసినా."

పద్మప్రియ. భుజం మీద బిడ్డ, చేతిలో సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న రంగుల తొట్టి తాళ్లు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పాపన్న దిగ్గున లేచి కంప్యూటర్‌కు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ఏమీ లేదన్నా అనుమానం వచ్చేలా నిలబడ్డాడు మహానుభావుడు. ఆయన వెనక కృప గబగబా మౌసు అందుకుంది. ముఖం తెప్పించాలి, గులాబీలు తెప్పించాలి. ముందు ఆ రెండు నొక్కులు చాలు, గాజులూ వేలూ తర్వాత. కానీ కళ్ల నిండా నీళ్లుంటే వరసలో ఏ కన్ను ఎక్కడుందో ఎలా కనిపిస్తుంది? ఆమె నొక్కింది అన్నిటికన్నా కింద ఉన్న కన్ను. కొంగు.

"పక్కకు జరుగు పాపన్నా" అంది పద్మప్రియ. సర్పంచి కూతురు కదా, పాపన్న జరిగాడు.

తల లేని మనిషి. పట్టుచీర పోయి మాసిన చీర. ఎండిన చేను. పద్మప్రియ చాలాసేపు చూసింది. తెర దగ్గరికి వంగి, ఒడిలోని తన బొమ్మ మీదుగా వేలుతో తడుముతూ పోయి మొండివేలు దగ్గర ఆగింది.

"ఇది చిన్నక్క చెయ్యి" అంది మెల్లగా. "నాలుగో తరగతి దాకా నాకు జడేసేది ఆమె. ఈ వేలు చెవి ఎనకాల తగులుతాండె, నాకు చక్కిలిగింతలు పెడ్తాండె." కృప వైపు తిరిగింది. "ఏందిది కృపా? మా యమ్మ యాడ?"

పాపన్నే చెప్పాడు. ఈసారి అటూ ఇటూ తిప్పకుండా, కొట్టం, డబ్బాపాలు, బెంగుళూరు ఆస్పత్రి, రేషన్ కార్డు అన్నీ చెప్పాడు. ప్రమాణం సంగతీ చెప్పాడు. వేలు తనదన్న సంగతి మాత్రం మింగేశాడు. ఒక్కోసారి ఆయనకూ బుద్ధి పనిచేస్తుంది.

"మా యమ్మ నన్ను ఎత్తుకోనే లేదా?" పద్మప్రియ గొంతు పసిపిల్ల గొంతులా అయిపోయింది. "ఒక్క దినం కూడా ఎత్తుకోలేదా? పరీక్షలకు పోతా మొక్కినా. పెండ్లికి మొక్కినా. కాన్పుకు పోయేటప్పుడు ఈ ఫోటోనే పట్టుకోని పోయినా కృపా. ఎవురికి మొక్కినా నేను?"

"ఎత్తుకోలేక పోయిందక్కా. వద్దని కాదు" అంది కృప.

"నీకు తెలుసా? మీ యమ్మ నీతో చెప్పి నవ్వుకునేదా?"

ఆ మాట కృపకు చురుక్కుమంది. కోపం వచ్చింది. కానీ ఎదురుగా ఉన్న మొహం చూసి కోపం నిలవలేదు.

"ఏసు సాక్షిగా తెలీదక్కా. అర గంట ముందర చూసినా. మా యమ్మ నాతో కూడా చెప్పలే. చెప్పేదే అయితే వేలు అతికిచ్చమని ఎందుకు వస్తాది?"

పద్మప్రియ స్టూలు మీద కూర్చుంది. బిడ్డ కాసేపు కునుకు తీసి మళ్లీ కదిలింది. వీపు తడుతూనే తెర వైపు చూస్తోంది. చూస్తూ చూస్తూ ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఈ రెండో బిడ్డ ఎవురు?"

కృప తిరిగి చూసింది. ఇంతసేపూ ఆమె మొండివేలు దగ్గరే ఉండిపోయింది, తాను పొరపాటున ఏ లేయర్ తీసిందో చూసుకోనే లేదు. పట్టుకొంగు పోయిన చోట, ఎడమ తొడ మీద ఇంకో బిడ్డ ఉంది. మొలతాడు తప్ప ఒంటి మీద నూలుపోగు లేదు. పిడికిలి నోట్లో పెట్టుకుని కెమెరా వైపు గుడ్లప్పగించి చూస్తోంది. చిన్నక్క ఎడమచెయ్యి ఆ బిడ్డ నడుం చుట్టూ గట్టిగా ఉంది. ఫోటోలో నరసమ్మ ఎడమచెయ్యి ఎందుకు కనిపించదని ఇరవై ఏళ్లలో ఎవరూ అడగలేదు.

బిడ్డ నుదుటి మీద ఎడమపక్కన, కనుబొమ పైన, కందిగింజంత పుట్టుమచ్చ.

కృప చెయ్యి దానంతటదే తన నుదుటి మీదికి పోయింది.

"అది నువ్వే పాపా" అన్నాడు పాపన్న. "యాడుండా అని అడిగితివి కదా, ఆడే ఉండావు. కుడిపక్క పద్మమ్మకు, ఎడమపక్క నీకు. మీయమ్మ ఒక దినం కూడా పక్క మార్చలే. ఇద్దుర్నీ ఎత్తుకోమ్మా, ఒకటే ఫోటో మిగిలిందని చెప్పింది నేనే. నిన్ను కొంగుతో కప్పిందీ నేనే. నన్ను తిట్టు, ఏమన్నా అను."

తిట్టడానికి కృపకు తీరిక లేదు, చూసుకుంటోంది. బొద్దుగా, బొజ్జతో ఉన్న బిడ్డ. ఆకలికి మాడిన బిడ్డలా లేదు. తనకూ సరిపడా పాలు ఇచ్చింది అమ్మ. తాను కూడా ఒకప్పుడు ఇంతే ఉంది. ఇన్నేళ్లుగా లేదనుకున్నది ఈ స్టూడియోలోనే, తన కుర్చీకి ఆరడుగుల దూరంలో, బిస్కెట్ డబ్బాలో ఉంది. ఆమెకు పట్టలేనంత సంతోషం వేసింది. పక్కన పద్మక్క ఏడుస్తుంటే సంతోషపడుతున్నందుకు సిగ్గూ వేసింది.

పద్మప్రియ కళ్లు తుడుచుకుని ఇద్దరు బిడ్డలనూ మార్చి మార్చి చూసింది.

"మనిద్దుర్లో పెద్దెవురు పాపన్నా?"

"కృపే. నలభై దినాలు పెద్ద."

"చిన్నక్క తల యాడుంది? కోసేసినావు సరే, నెగెటివ్ ఉంటాది కదా?"

"మీ నాయన తీసుకోనిపోయినాడు తల్లీ. కాల్చేసినాడో, బీరువాలో దాచుకున్నాడో నాకు తెలీదు."

"నేనడుగుతా."

అడిగే పని ఆమెను వెతుక్కుంటూనే వచ్చింది. కింద సందులో జీపు ఆగిన చప్పుడు, తలుపు ధడాలున వేసిన చప్పుడు. మెట్ల మీద బరువైన అడుగులు. ఆ గొంతు మండలమంతటికీ తెలుసు.

"పాపన్నా! ఫోటో అయిందా? మా పాప ఈడికే వచ్చిందా?"

పాపన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. కృప దిగ్గున మౌసు మీద చెయ్యి వేసింది. ఈసారి కళ్లలో నీళ్లు లేవు, వరస స్పష్టంగా కనిపిస్తోంది. కొంగు, వేలు, గాజులు, ముఖం, గులాబీలు. అయిదు నొక్కులు. విష్ణువర్ధన్ మెట్లెక్కేలోపు నరసమ్మ మళ్లీ గులాబీ తోటలో నవ్వుతుంది. వాళ్లమ్మ మాట నిలబడుతుంది, అందరూ క్షేమం. పెద్దింటి అడుగుల చప్పుడు వినిపిస్తే సర్దుకోవడం ఆమెకు పుట్టుకతో వచ్చింది, వాళ్లమ్మకూ అంతే. బాణం గుర్తు కొంగు మీదికి పోయింది.

నొక్కబోయేలోపు ఒళ్లో ఏదో వెచ్చగా బరువుగా పడింది. పద్మప్రియ బిడ్డ. మౌసు వదిలి రెండు చేతులతో పట్టుకోక తప్పలేదు కృపకు. బిడ్డ ఒకసారి మొహం చిట్లించి, పిడికిలి నోట్లో పెట్టుకుని సర్దుకుంది.

పద్మప్రియ లేచి కుర్చీ పక్కన నిలబడింది. అడుగులు ఆఖరి మెట్టు మీదికి వచ్చాయి, తలుపు గడియ కదిలింది. ఆమె వాళ్ల నాయన వైపు చూడలేదు, కృప భుజం మీద చెయ్యి వేసి అంది.

"మళ్లీ కొంగు కప్పొద్దక్కా."